మావాడి నల్ల తెర, మా ఆవిడ కారం మిషను

మా ఇంట్లో గేటు లైటు వెయ్యాలంటే ఏం చెయ్యాలో ముందు చెబుతాను. హాల్లోంచి మేడమీదికి మెట్లెక్కాలి. మావాడి గదిలో కంప్యూటరు ముందు కూర్చోవాలి. ఒక నల్లటి తెర తెరవాలి. అందులో బొమ్మలూ ఉండవు, బొత్తాలూ ఉండవు, మినుకు మినుకుమంటూ ఒక తెల్లగీత మాత్రం ఉంటుంది. అక్కడ ఇంగ్లీషులో ప్లగ్ అని కొట్టి, కాస్త జాగా వదిలి గేట్ అని కొట్టి, మళ్లీ జాగా వదిలి ఆన్ అని కొట్టి, ఎంటర్ నొక్కాలి. అప్పుడు గేటు లైటు వెలుగుతుంది. వెలిగిందో లేదో కిటికీలోంచి తొంగి చూసుకోవాలి. ఈ వైభవానికి ముందు మాకు గేటు పక్క గోడకే ఒక స్విచ్చి ఉండేది. లోపలికొస్తూ నొక్కేవాళ్లం. చంకలో సంచి ఉంటే మోచేత్తో నొక్కేవాళ్లం.

నేను ముప్పై ఏళ్లకు పైగా కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరైనవాణ్ణి. సగం సర్వీసు పిడుగురాళ్ల వైపే గడిచింది. ఊరు మొత్తానికి కరెంటు తియ్యాలన్నా ఇవ్వాలన్నా స్తంభానికున్న ఒక్క రాడ్డు లాగితే సరిపోయేది. అలాంటిది నా కన్నకొడుకు ఒక జీరో బల్బు వెలిగించడానికి వేళ్లు విరుచుకుని, ఇంగ్లీషు ముక్కలు కొట్టి, అది వెలగ్గానే రాకెట్టు వదిలినవాడిలా కుర్చీలో వెనక్కి వాలడం చూస్తే నాకు ఒళ్లు మండేది.

మావాడిది కంప్యూటరు ఉద్యోగం. ఆఫీసు హైదరాబాదులో, వీడు సత్తెనపల్లిలో మా మేడమీద. ఎప్పుడో ఒకసారి వెళ్లి మొహం చూపించి వస్తాడు. మిగతా రోజులన్నీ లుంగీ మీదే ఉద్యోగం. పైన మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు. మీటింగులో అంతవరకే కనపడుతుందట. ఖాళీ దొరికితే నలుగురిలోకి వెళ్లి కూర్చోవచ్చు, పొలాల వైపు నడిచి రావచ్చు. వీడికేమో మా ఇంటి స్విచ్‌బోర్డుల మీద పడింది కన్ను.

మొదట ఒక అట్టపెట్టె వచ్చింది. అందులో గుప్పెడంత తెల్లటి ప్లగ్గులు, వాటితో పాటు నాలుగు బల్బులు. గోడ సాకెట్లో ఆ ప్లగ్గు గుచ్చి, దాంట్లో మన ఫ్యానో లైటో గుచ్చాలి. గోడ స్విచ్చి ఎప్పుడూ వేసే ఉంచాలి. ఆ పైన అది వైఫైలో వచ్చే మాట విని వెలగడమో ఆరడమో చేస్తుంది.

"ఫోన్లో నొక్కితే చాలదా దీనికి? మన వీధిలో టీచరుగారింట్లో అట్లాగే నొక్కుతున్నారుగా" అన్నాను.

"యాప్ అయితే వాళ్ల సర్వరు ఎక్కడో ఉంటుంది నాన్నా. మన లైటు ఎప్పుడేసుకున్నామో వాళ్లకెందుకు తెలియాలి? టెర్మినల్, అదే ఆ నల్ల తెర నుంచి అయితే అంతా మనింట్లోనే జరుగుతుంది. ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు."

"మన గేటు లైటు రహస్యం తెలుసుకుని వాళ్లేం చేసుకుంటార్రా?"

వాడు నవ్వి ఊరుకున్నాడు. చదువుకున్నవాళ్లు తండ్రి మాటకు అలాగే నవ్వుతారు, పళ్లు కనపడకుండా.

ఆ నల్ల తెరకు పొగరు కూడా ఉంది. ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే చాలు, 'అలాంటి పరికరం ఏదీ లేదు' అని ఎర్రక్షరాల్లో మొహాన కొడుతుంది. నేను కట్టించిన ఇల్లు, నేను పెట్టించిన గేటు. ఆ గేటు లేదని నాకు చెప్పడానికి అదెవరు? నేనా మాటంటే మావాడు, "స్పెల్లింగ్ చూసుకో నాన్నా" అనేవాడు. ఇన్నేళ్లలో ఏ స్విచ్చీ నన్ను స్పెల్లింగ్ అడగలేదు.

ఇక కరెంటు పోయినప్పుడు చూడాలి తమాషా. మా వైపు ఎండాకాలంలో సాయంత్రం గాలి లేచిందంటే కరెంటు పోవాల్సిందే. కరెంటు పోగానే వైఫై డబ్బా చస్తుంది. వచ్చాక ఆ డబ్బా లేవాలి, ప్లగ్గులన్నీ తడుముకుంటూ దాన్ని పట్టుకోవాలి. అందాకా వాటి ఇష్టం వాటిది. పట్టపగలు ఇంట్లో లైట్లన్నీ వెలిగి కూర్చునేవి, ఫ్యాను మాత్రం ససేమిరా తిరిగేది కాదు. మా ఆవిడ విసనకర్రతో విసురుకుంటూ, వెలుగుతున్న బల్బుల కింద కూర్చుని, "ఒరేయ్, ఎవరైనా చూస్తే పెళ్లిచూపులనుకుంటార్రా" అని అరిచేది.

ఒకరోజైతే ఇంకా ఘనకార్యం చేశాడు. వైఫై డబ్బాకే ఒక ప్లగ్గు తగిలించి, దానికి ఆఫ్ అని కొట్టాడు. డబ్బా ఆగింది. ఇప్పుడు ఆన్ అని చెప్పాలంటే ఆ మాట మోసుకెళ్లే డబ్బా ఆగిపోయి ఉంది. వాడు తెర వంక, డబ్బా వంక మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాడు. నేను లేచి, గోడ సాకెట్లోంచి ఆ ప్లగ్గు పీకి, డబ్బా పిన్ను నేరుగా గుచ్చాను. స్తంభం ఎక్కి తన నిచ్చెన తానే తన్నేసుకున్న మనిషిని సర్వీసులో ఒక్కణ్ణి కూడా చూడలేదు నేను. ఆ లోటు మావాడు తీర్చాడు.

మా ఆవిడకు సాయంత్రం హాల్లో లైటు వేయగానే దాని వంక చూసి దణ్ణం పెట్టుకోవడం అలవాటు. వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంది. మావాడు పొద్దుగూకే వేళకు ఆ లైటు దానంతటదే వెలిగేలా టైమరు పెట్టాడు. ఈవిడ వంటింట్లో చేతుల నిండా పిండితో ఉంది. కడుక్కుని వచ్చేసరికి హాలు వెలిగిపోతోంది.

"ఒరేయ్, నేను రాకుండానే వెలిగిందిరా! తీసి మళ్లీ వెయ్యి!" అని మెట్ల దగ్గర నిలబడి కేకేసింది.

పైనుంచి టకటకా శబ్దం. లైటు ఆరింది. మళ్లీ టకటకా. లైటు వెలిగింది. మా ఆవిడ దణ్ణం పెట్టుకుంది. "వచ్చిందామ్మా?" అని వాడు పైనుంచి, "ఆఁ, వచ్చింది" అని ఈవిడ కిందనుంచి. వారం రోజులు రోజూ ఇదే తంతు. మా సెక్షన్‌లో ఏ గుమస్తాకీ రానంత గొప్ప ఆలోచన ఇది, ఒక్కసారి వేసే లైటును రెండుసార్లు వెయ్యడం.

ఇవన్నీ నేను నవ్వుకుని తిట్టుకున్న సంగతులు. నన్ను నిజంగా భయపెట్టింది మాత్రం ఒక్కటే, పెరటి వరండాలో ఉన్న కారం మిషను.

మా ఆవిడ కారం కొడుతుంది. మిరపకాయలు తనే ఏరి తెచ్చుకుంటుంది, తనే ఎండబెడుతుంది, తొడిమలు తీస్తుంది, తాలుకాయ ఒక్కటి కనపడినా అవతల పారేస్తుంది. ఉత్త కారం, సాంబారు కారం, ఇడ్లీ మీదికి వెల్లుల్లి కారం. మా వీధిలో సగం ఇళ్లలో మా ఆవిడ కారమే. రంగు చూసి కాదు, రెండు వేళ్లతో నలిపి చూసి, ఇంకొక్క తిప్పు తిప్పాలా వద్దా అన్నది చెబుతుంది. ఆ రెండు వేళ్లే ఆవిడ చదువు, ఆవిడ ఉద్యోగం. ఎవరైనా, "ఏం పిన్నిగారూ, మీ చేతి మహత్యం" అంటే మొహం ఇంతయ్యేది.

మిషను చిన్నదే. లోపల ఇనుప బ్లేళ్లు గిర్రున తిరుగుతాయి, కింద జల్లెడ ఉంటుంది. కాయలో కాస్త చెమ్మ ఉన్నా, గింజలో నూనె ఎక్కువున్నా జల్లెడకు ముద్ద పట్టేస్తుంది. అప్పుడు మిషను ఆపి, ముందు తలుపు తీసి, చెయ్యి లోపల పెట్టి ఆ ముద్ద గోకాలి. ఆ చెయ్యి లోపల ఉన్నప్పుడు మిషను తిరిగిందా, ఇక చెప్పక్కర్లేదు. అందుకే ఆ మిషను కొన్న రోజునే ఒక నియమం పెట్టాను. ముందు పిన్ను పీకి కళ్లెదుట పెట్టుకో, ఆ తరవాతే చెయ్యి పెట్టు. సర్వీసులో నేను నేర్చుకున్న ఒకే ఒక్క చదువు అది. లైను మీద పని చెయ్యాలంటే సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకుంటాం. అంటే, నేను ఎక్కుతున్నాను, నేను దిగి నా నోటితో చెప్పేదాకా కరెంటు ఇవ్వొద్దు అని. పెద్ద ఇంజనీరు చెప్పినా కుదరదు, మంత్రి చెప్పినా కుదరదు. ఎక్కినవాడే దిగి చెప్పాలి. అది మరిచిపోయినవాళ్ల పాడెలు మోశాను నేను.

మావాడు ఒకరోజు లావుపాటి ప్లగ్గు ఒకటి పట్టుకొచ్చి, ఇది అమ్మ మిషనుకు అన్నాడు.

"దానికేం రోగం?" అన్నాను.

"రోగం కాదు నాన్నా. ఈ ప్లగ్గు మోటారు ఎంత కరెంటు లాగుతోందో చెబుతుంది. ముద్ద పడితే లోడు పెరుగుతుంది కదా? పెరగ్గానే నా ప్రోగ్రాం మిషన్ని ఆపేస్తుంది. మోటారు కాలిపోదు. అమ్మ పరిగెత్తుకెళ్లి ఆపక్కర్లేదు."

"మరి పిన్ను?"

"ఆగిపోయాక పిన్ను పీకడమెందుకు? ఆఫ్ అంటే ఆఫే కదా."

"నీ బొంద ఆఫ్! ఎక్కడో మేడమీద నువ్వేదో నొక్కితే ఇక్కడ తిరిగే మిషను ఆఫ్ ఎట్లా అవుద్దిరా?"

మా ఆవిడ వాడి పక్షం చేరింది. "మీరు పిన్ను పీకు, పిన్ను పీకు అంటారు. ఆ సాకెట్టు మిరపకాయల మూటల వెనకాల ఉంది. వంగి వంగి నా నడుం పోతోంది. పోయినేడు మోటారు కాలిపోతే ఎన్నాళ్లు కూర్చున్నాం? పెట్టనివ్వండి వాణ్ణి."

ఇద్దరూ ఒకటయ్యాక ఇంట్లో నా మాట ఎప్పుడు చెల్లింది గనక? కానీ నేను ఊరికే ఒప్పుకోలేదు. వాణ్ణి కూర్చోబెట్టి ఒట్టు వేయించుకున్నాను. "ఆగితే దానంతటది ఆగనీ. మళ్లీ వెయ్యడం మాత్రం మీ అమ్మ చెప్పాకే. 'వెయ్యిరా' అని మీ అమ్మ గొంతు నీ చెవిన పడాలి. అప్పటిదాకా ఆ మిషను జోలికి పోకు. నేను చెప్పినా సరే వెయ్యకు."

"అలాగే నాన్నా" అన్నాడు.

వాడు తప్పుతాడని ఎదురు చూశాను. ఉన్నమాట చెబుతున్నాను, తప్పితే పట్టుకుందామని వరండాలో కుర్చీ వేసుకుని మరీ కూర్చున్నాను. మిషను గర్రుమని తిరిగేది, ముద్దపడి ఠక్కున ఆగేది. మా ఆవిడ తలుపు తీసి, స్పూను కాడతో గోకి, తలుపు బిగించి, మెట్ల వైపు తిరిగి "వెయ్యిరా!" అనేది. అప్పుడు తిరిగేది. అంతకు ముందు ఒక్కసారీ తిరగలేదు. ఆఫీసు మీటింగులో ఉన్నా చెవి ఇటే పెట్టుకునేవాడు. ఒకసారి మా ఆవిడ ఫోను మాట్లాడుతూ కేకెయ్యడం మరిచిపోతే, వాడు అంతసేపూ ఊరుకుని, చివరికి కిందికి దిగి వచ్చి, "అమ్మా, వెయ్యనా?" అని అడిగాడు. కారం కొట్టే కాలం చాలావరకు అలాగే గడిచింది. తప్పు దొరకలేదు. అది కూడా నాకు నచ్చలేదు.

నాతో పాటు సర్వీసు చేసిన స్నేహితుడు ఒకడున్నాడు. సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు. వాడు ప్యానెల్ దగ్గర, నేను లైను మీద, ఇద్దరం ఫోనులో ఒకళ్లనొకళ్లు బూతులు తిట్టుకుంటూ ఇరవై ఏళ్లు నెట్టుకొచ్చాం. మావాడి వేషాలు వాడికి కథలు కథలుగా చెప్పేవాణ్ణి. వైఫై డబ్బా సంగతి విని పొట్ట పట్టుకుని నవ్వాడు. ఒకరోజు పొద్దున టిఫిను వేళ దాటాక ఇంటికొచ్చి, "ఏరా, ఆ సర్కస్ నాకెప్పుడు చూపిస్తావ్?" అన్నాడు.

మావాడు అప్పుడే తలంటు పోసుకుంటానని స్నానానికి వెళ్లాడు. మా ఆవిడ పెరట్లో కారం కొడుతోంది. మిషను మోత ఇల్లంతా వినపడుతోంది. నేను నా స్నేహితుణ్ణి మేడమీదికి తీసుకెళ్లి మావాడి కుర్చీలో దర్జాగా కూర్చున్నాను. చూసి చూసి ఆ మూడు మాటలు నాకూ వచ్చేశాయి. ఒక వేలుతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ గేటు లైటు వేశాను. వాడు కిటికీ దగ్గరికెళ్లి, "ఒరేయ్, వెలిగిందిరా! పట్టపగలు వెలిగింది!" అని చప్పట్లు కొట్టాడు. తీశాను. వేశాను. వంటింటి లైటు వేశాను. హాలు ఫ్యాను తిప్పాను. వెక్కిరిద్దామని కూర్చున్నవాణ్ణి. కానీ ఎందుకు దాచాలి, నాకు భలేగా ఉంది. ఇల్లంతా వేలికొసన ఉన్నట్టుంది. రిటైరయ్యాక మళ్లీ అంత బాగా ఎప్పుడూ అనిపించలేదు.

తెర మీద ఒక పక్క ఇంట్లో ప్లగ్గుల పేర్లన్నీ వరసగా ఉంటాయి, ఏది నడుస్తోందో, ఏది ఆగిందో. మావాడు వాటిని ఎప్పుడూ తెరిచే ఉంచుతాడు. నా స్నేహితుడు కళ్లజోడు సర్దుకుని చూసి, "అచ్చం మన ప్యానెల్లాగే ఉందిగదరా. ఇది ఏ ఊరి ఫీడరు?" అని అడిగాడు. "అది మా ఆవిడ మిషను" అన్నాను. మేం చూస్తుండగానే ఆ పేరు ఎర్రబడింది. కింద మోత ఆగిపోయింది.

పిడుగురాళ్ల వైపు పని చేసినవాళ్లకు ఒక అలవాటుంటుంది. అక్కడి బట్టీల సున్నం దుమ్ము స్తంభాల మీది పింగాణీలకు పట్టేస్తుంది. మంచు పడితే ఆ దుమ్ము తడిసి, లైను దానంతటది ఆగిపోతుంది. ట్రిప్పైంది అంటాం. వెళ్లి వెతికితే లైనులో ఏ తప్పూ ఉండదు. అందుకని ట్రిప్పైందా, ముందు ఒకసారి వేసి చూడు. నిలబడితే సరి, లేకపోతే అప్పుడు వెతుక్కుందాం. దీన్ని ట్రయల్ ఇవ్వడం అంటాం. లైను మీద మనిషి లేడని పుస్తకంలో చూసుకున్నాకే ఇవ్వాలి, నిజమే. కానీ చలికాలం పొద్దుల్లో ఎన్ని ట్రయల్సు ఇచ్చామో! ట్రిప్పు అన్న మాట చెవిన పడితే చాలు, చెయ్యి దానంతటది పోతుంది.

"ట్రిప్పైందిరా. ట్రయల్ ఇవ్వు" అన్నాడు వాడు.

ప్లగ్, మిషన్, ఆన్. మూడు మాటలు కొట్టి ఎంటర్ నొక్కాను.

మోత మొదలైంది. మొదలైన క్షణంలోనే ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు, ఆ వెంటనే మా ఆవిడ కేక.

ఆ మెట్లు ఎట్లా దిగానో నాకు తెలియదు. నేను వెళ్లేసరికి మిషను ఇంకా తిరుగుతూనే ఉంది. మూటల మీంచి వంగి పిన్ను పీకాను. మా ఆవిడ గోడకు ఆనుకుని కూర్చుని, ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని ఉంది. లోపలున్నది స్పూను. బ్లేడు ఆ స్పూనును లాక్కుని మెలితిప్పింది. అది తిరగబడి అరచేతిని, చూపుడువేలిని చీల్చింది. ఏది కారమో ఏది నెత్తురో తెలియడం లేదు. ఆ పుండులో ఆ కారం. మండిపోతోంది, మండిపోతోంది అని గింజుకుంటోంది. చెంబుతో నీళ్లు పోస్తే ఇంకా గట్టిగా అరిచింది.

అంత బాధలోనూ తల ఎత్తి నన్నడిగింది. "ఎవరండీ వేసింది? నేను వెయ్యమనలేదే! నేను అరవలేదే!"

"ఇంకెవరు? వాడి ప్రోగ్రామో, టైమరో వేసుంటుంది" అన్నాను. "ఆ దిక్కుమాలినవన్నీ వద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నా. విన్నారా ఎవరన్నా?"

నా నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. ఆలోచించి చెప్పింది కాదు. భయపడి చెప్పిందని ఇప్పటిదాకా సర్దిచెప్పుకుంటూ వచ్చాను. కానీ ఆ వెంటే రెండో మాట కూడా అన్నాను కదా, వద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నానని. భయపడ్డవాడికి అంత గొంతు ఎక్కణ్ణుంచి వస్తుంది?

మావాడు తల తుడుచుకోకుండానే పరిగెత్తుకొచ్చాడు. వాళ్లమ్మ చెయ్యి చూసి మొహం తెల్లబోయింది. "నేనేం వెయ్యలేదమ్మా, నేను స్నానం చేస్తున్నా" అన్నాడు. "మరి దానంతటదే ఎట్లా తిరిగిందిరా?" అని ఆవిడ ఏడుస్తూ అడిగింది. వాడు బండి తాళాల కోసం పైకి పరిగెత్తాడు. తాళాలు ఆ కంప్యూటరు పక్కనే ఉంటాయి. ఆ నల్ల తెర మనం కొట్టిన ప్రతి మాటనూ అలాగే ఉంచుకుంటుంది. గేటు, వంటిల్లు, హాలు, చివరికి మిషను, అన్నీ వరసగా ఉండి ఉంటాయి. ఆ కుర్చీ పక్కనే నా స్నేహితుడు తల పట్టుకుని నిలబడి ఉన్నాడు. చదువుకోవడానికి ఎంతసేపు పడుతుంది?

దిగి వచ్చేటప్పుడు మెల్లిగా వచ్చాడు. నా వంక ఒకసారి చూశాడు. తరవాత వాళ్లమ్మ ముందు గొంతుక్కూర్చుని చేతికి తువ్వాలు చుట్టాడు.

"నా ప్రోగ్రామేనమ్మా. తప్పు నాదే" అన్నాడు.

ఆవిడ ఎడమచేత్తో వాడి చెంప మీద ఒక్కటి ఇచ్చింది. వాడు పెళ్లీడుకొచ్చాక చెయ్యి చేసుకోవడం అదే మొదలు. వాడు కదల్లేదు. నేను అక్కడే నిలబడి ఉన్నాను, చేతిలో పిన్ను పట్టుకుని. నోరు తెరిస్తే ఒక్క మాట. తెరవలేదు.

కుట్లు పడ్డాయి. డాక్టరుగారు లోపలి కారం కడగడానికే చాలాసేపు పట్టిందన్నారు. వేలు నిలిచింది గానీ ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. కట్టు విప్పిన రోజున మా ఆవిడ చేసిన మొదటి పని, డబ్బాలోంచి చిటికెడు కారం తీసి రెండు వేళ్ల మధ్య నలపడం. బొటనవేలు కదిలింది, చూపుడువేలు కర్రలా ఉండిపోయింది. కారం జారి ఒళ్లో పడింది. "తెలియడం లేదండీ" అంది. "బరకగా ఉందో మెత్తగా ఉందో తెలియడం లేదు." అప్పటి నుంచి ఎడమచేతికి నేర్పుకుంటోంది. మునుపటంత బాగా రాలేదని తనే అంటుంది. పక్కింటావిడ మాత్రం, బాగానే ఉంది పిన్నిగారూ అని మొహమాటానికి అంటోంది.

నా స్నేహితుడు ఆ రోజు టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. గేటు దగ్గర, "నేనే గదరా ఇవ్వమన్నాను" అన్నాడు. నేను "నువ్వూరుకో" అన్నాను. ఆ తరవాత మా ఇంటికి రాలేదు. ఫోనులో కూడా ఇదివరకటిలా తిట్టడు.

మావాడు ఇంట్లో ప్లగ్గులన్నీ పీకి అదే అట్టపెట్టెలో పెట్టేశాడు. పాత స్విచ్చులన్నీ నేనే బిగించాను. ఎవరొచ్చినా మా ఆవిడ చెయ్యి చూపించి, "ఆయన మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నారండీ, కరెంటుతో ఆటలొద్దని. ముప్పై ఏళ్లు చేసిన మనిషి మాట లెక్కచెయ్యలేదు మావాడు. నేనూ వినలేదు, అనుభవించాను" అని చెప్పేది. వచ్చినవాళ్లు నా వంక గౌరవంగా చూసేవాళ్లు. మీ అనుభవం ఎక్కడికి పోతుందండీ అనేవాళ్లు. నేను ఆ గౌరవం తీసుకున్నాను. కాఫీ కప్పు అందుకున్నట్టు అందుకున్నాను.

ఒకరోజు ఉండబట్టలేక మేడమీదికెళ్లాను. మావాడు పని చేసుకుంటున్నాడు. వాడి వెనకాల నిలబడి, "ఒరేయ్, ఆ రోజు..." అన్నాను.

వాడు వెనక్కి తిరగలేదు. "తెరలోంచి ఆ లైను తుడిపేశాను నాన్నా. అమ్మకు తెలియదు" అన్నాడు. ఆ తరవాత ఏదో మీటింగు ఉందని చెవులకు తగిలించుకున్నాడు. నేను కిందికి వచ్చేశాను.

మా ఆవిడ మళ్లీ కారం కొడుతోంది. ముద్ద పట్టి మిషను మొరాయిస్తే తనే స్విచ్చి ఆపుతుంది, పిన్నూ పీకుతుంది. అయినా తలుపు మాత్రం తియ్యదు. "ఏవండీ, ఒకసారి రండి" అని నన్ను పిలుస్తుంది. నేను వెళ్లి పక్కన నిలబడి, చూసి, "ఆఁ, పెట్టు" అనాలి. అప్పుడే పెడుతుంది. "మీరు నిలబడితే నాకు ధైర్యం" అంటుంది. ఆవిడ నన్ను పిలవగానే మేడమీద కుర్చీ జరిగిన చప్పుడవుతుంది. మావాడు మెట్ల మీదికొచ్చి నిలబడతాడు. వాళ్లమ్మ చెయ్యి బయటికి తీసేదాకా అక్కడే ఉండి, అంతసేపూ నా చేతుల వంకే చూస్తాడు.